స్లీప్ 30 మాహాత్మ్యం

వరుస గురించి తిరుపతి వాసులకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. కొండమీద ముందు వరాహస్వామిని సేవించుకొని, ఆ తరువాతే శ్రీవారి దర్శనానికి వెళ్ళాలన్నది క్షేత్ర సంప్రదాయం. చేతిలో టికెట్టు ఉన్నంత మాత్రాన కంపార్ట్‌మెంటు తలుపు తెరుచుకోదన్నది స్వానుభవం. ఇంతటి జ్ఞానభూమిలో ఉండి కూడా, మా కార్యాలయపు సర్వర్ కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ డేటాబేసు ఇంకా కళ్ళు తెరవకముందే బిల్లింగు సర్వీసును లేపి కూర్చోబెడుతోంది.

నేరం, లినక్స్ సర్వర్లలో సర్వీసులను, అనగా తెరవెనుక నడిచే ప్రోగ్రాములను, లేపే సిస్టమ్‌డిదేనని నేను ఘంటాపథంగా చెప్పాను. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో లోకానికి అందించిన ఈ సాఫ్ట్‌వేరు, స్క్రిప్టులను అంకెల వరుసలో ఒకదాని వెనుక ఒకటిగా నడిపించే పాత మర్యాదను పక్కనబెట్టి, వీలైనన్ని సర్వీసులను ఒకేసారి లేపుతుంది. సర్వీసును ఎలా లేపాలో రాసిపెట్టే యూనిట్ ఫైలులో ‘రిక్వయిర్స్’ అని డేటాబేసు పేరు రాశాను కదా అంటే, అది అవసరాన్ని మాత్రమే తెలుపుతుందట. వరుస కావాలంటే ‘ఆఫ్టర్’ అని మరో పంక్తి రాయాలట. పెళ్ళికి పురోహితుడు కావాలని చెప్పినవాడు, ఆయన వచ్చాకే ముహూర్తం జరిపించాలని మళ్ళీ విడిగా విన్నవించుకోవాలా? విన్నవించుకోవాలి.

ఆ ఒక్క పంక్తి రాసే శ్రమ పడలేక మా పూర్వులు, అనగా నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నవారు, బిల్లింగు సర్వీసు మొదలయ్యే ముందు ‘స్లీప్ 10’, అనగా 10 సెకన్లు ఊరికే ఆగమనే పరిహారం జరిపించారు. డిస్కు ముసలిదైన కొద్దీ అది 20 అయింది, నా హయాంలో 30 అయింది. ఈ భక్తికీ హద్దుంది. మామూలుగా 90 సెకన్లలో సర్వీసు లేవకపోతే సిస్టమ్‌డి ఓపిక నశిస్తుంది. మళ్ళీ మళ్ళీ లేపమని రాసిపెట్టినా, 10 సెకన్లలో 5 సార్లు లేపి చూసి చేతులెత్తేస్తుంది. పదో తరగతి పిల్లవాణ్ణి తెల్లవారుజామున 4 గంటలకు లేపే తల్లులు ఈ పిరికితనాన్ని క్షమించరు.

మొన్న కొత్తగా చేరిన కుర్రవాడొకడు ‘ఆఫ్టర్’ పంక్తి చేర్చి, స్లీప్‌ను తీసేయమన్నాడు. నేను తొందరపడలేదు. ‘సింపుల్’ రకం సర్వీసు తన ప్రాసెసు బయలుదేరగానే మొదలైనట్టే లెక్క. సిద్ధమయ్యాకే కబురంపే ‘నోటిఫై’ రకం వేరే ఉంది. మా డేటాబేసు మొదటి రకం. రేణిగుంటలో చెప్పులు వెతుక్కుంటూ ‘లీలామహల్ సర్కిల్ దగ్గరికి వచ్చేశానన్నా’ అని ఫోనులో చెప్పే మనిషికీ దానికీ తేడా లేదు. కనుక ‘ఆఫ్టర్’ను సగౌరవంగా ఆహ్వానిస్తూనే, స్లీప్‌ను 45 చేశాను.