నడుముకు కడితే నెత్తికెక్కిన నల్ల బెల్టుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ జూడో నల్ల బెల్టు గారి సముఖానికి, రెండేళ్లుగా చాప మీద పడటం తప్ప మరేదీ సరిగ్గా చేతకాని ఒక తెల్ల బెల్టుదారు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఇచ్చట నా నడుము తప్ప అందరమూ క్షేమం. తమరి క్షేమం గురించి అడగనక్కర లేదు. వేసవి శిబిరాల ఫ్లెక్సీల మీద తమరి వైభవాన్ని చూస్తూనే ఉన్నాను. పిల్లవాణ్ణి చేర్పించడానికి వచ్చిన ప్రతి తండ్రీ, పడటం ఎలా నేర్పుతారో అడగకుండా, తమరు ఎన్ని నెలల్లో ఇంటికి విచ్చేస్తారో అడుగుతున్నాడు. నడుముకు కట్టవలసినవారు జనం నెత్తికి ఎక్కి కూర్చున్నారు కనుక ఈ లేఖ వ్రాయక తప్పలేదు.

తమరి వంశచరిత్రను తమరికే గుర్తుచేయవలసి రావడం విచారకరం. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో, ఇరవై రెండేళ్లు కూడా నిండని కానో జిగోరో కొడోకాన్ అనే తన జూడో శిక్షణశాలను ప్రారంభించినప్పుడు తమరు లేరు. తెన్జిన్ షిన్యో, కితో అనే రెండు పాత జుజుత్సు (జపాన్ మల్లవిద్య) సంప్రదాయాలను అభ్యసించి, వాటిలోని ప్రమాదకరమైన దెబ్బలను పోటీ సాధన నుంచి తప్పించి, ఎదుటివాడి బలాన్ని వాడిపైనే మళ్లించే పద్ధతికి మెరుగులు దిద్ది, దానికి మృదుమార్గం అని అర్థం వచ్చే జూడో అనే పేరు పెట్టినప్పుడూ ఆయనకు తమరి అవసరం కలగలేదు. మరుసటి ఏడు సైగో షిరో, తొమితా త్సునెజిరో అనే శిష్యులకు దాన్ అనే పై స్థాయి మెట్ల పట్టాలు మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు కూడా వారి నడుముల రంగు మారలేదు. 1886 ప్రాంతంలో, ఎవరు ఎంత నేర్చారో చూడగానే తెలియడానికి ఆనవాలుగా మాత్రమే తమరిని తీసుకువచ్చారు.

తెల్ల బెల్టును ఉతక్కుండా ఏళ్ల తరబడి కట్టుకోగా చెమటతో, మట్టితో నల్లబడిందనీ, అదే తమరి అవతార రహస్యమనీ ఒక కథ ప్రచారంలో ఉంది. తమరు దాన్ని ఖండించకుండా మౌనం వహించడం వెనుక స్వార్థం కనబడుతోంది. ఈ కథను మా ఇంట్లో చెబితే, ఆ లెక్కన వంటింటి మసిగుడ్డకు ఈపాటికి పదో దాన్ రావాలని అమ్మ అంది.

తమరిని తెచ్చిపెట్టే మొదటి దాన్‌ను జపనీయులు షోదాన్ అంటారు. ఆ మాటకు తొలి మెట్టు అని అర్థం. అక్షరాలు గుర్తుపట్టడం వచ్చింది, ఇక చదువు మొదలుపెట్టవచ్చు అన్నట్టు. జపాన్‌లో హైస్కూలు పిల్లలు సైతం తమరిని కట్టుకుని తిరుగుతుంటారు, ఎవరూ దారి వదిలి పక్కకు తొలగరు. మా దగ్గర మాత్రం తమరు వచ్చిన మర్నాడే సాధన మానేసి, తమరిని అద్దాల బీరువాలో పెట్టి, గృహప్రవేశం జరిపించినట్టు బంధువులను పిలుస్తారు.

ఇంతకూ చాప మీద తమరి ఉద్యోగం ఏమిటో నిజాయితీగా మాట్లాడుకుందాం. చొక్కా మెడపట్టీ, చొక్కా చెయ్యీ పట్టుకుని ఎదుటివాడిని లాగి, నెట్టి, వాడి బరువు కాలివేళ్ల మీదికో మడమల మీదికో జారేలా చేయడాన్ని కుజుషి అంటారు. తూకం తప్పిన ఆ అరక్షణంలో లోపలికి చొరబడి విసరాలి. వీపు చాపకు తగిలేలా, బలంతో, వేగంతో విసిరితే ఇప్పోన్, ఆట అక్కడితో సమాప్తం. ఈ మొత్తం వ్యవహారంలో తమరి పాత్ర చొక్కా విప్పారకుండా చూడటం. అదీ సక్రమంగా చేయరు. రెండు నిమిషాలకోసారి ముడి జారి, రెఫరీ ఆట ఆపి, మళ్లీ కట్టుకోమని సైగ చేయవలసి వస్తుంది. పోటీ నిబంధనల్లో తమరి కొలతలు మాత్రం ఘనంగా ఉన్నాయి: వెడల్పు 4 నుంచి 5 సెంటీమీటర్లు, ముడి దాటి వేలాడే కొసలు 20 నుంచి 30 సెంటీమీటర్లు. తమరి మహిమకు కొలత ఏదీ వ్రాయలేదు.

1964 టోక్యో ఒలింపిక్స్‌లో తమరి పరువు నిప్పన్ బుడోకాన్ అనే పోటీ మందిరం నిండా జనం చూస్తుండగా పోయింది. జూడో తొలిసారి ఒలింపిక్స్‌లో చేరిన ఆ ఏడు, బరువు పరిమితి లేని ఆఖరి పోటీలో జపాన్ వీరుడు కమినాగా అకియోను నెదర్లాండ్స్ నుంచి వచ్చిన అంటోన్ గీసింక్ అదిమిపట్టి లేవనివ్వలేదు. ఇద్దరూ తమరిని ఎప్పుడో సంపాదించినవారే, అయినా కింద ఉన్నవాడిని లేపడానికి తమరు కొస కూడా కదపలేదు.

దేశం దాటాక తమరికి తోబుట్టువులు పుట్టుకొచ్చారు. 1935లో పారిస్ చేరిన కవాయిషి మికినోసుకె, తమరి దాకా ఆగే ఓపిక శిష్యులకు లేదని గ్రహించి కాబోలు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల వరుసను ప్రాచుర్యంలోకి తెచ్చారు. దానికి తమరిని తప్పుపట్టను.

తప్పుపట్టేది మరొకటి ఉంది. కొడోకాన్‌లో ఆడవారి నడుముకు ఎక్కవలసి వచ్చినప్పుడు తమరు నిలువునా మధ్యలో ఒక తెల్ల చార గీయించుకున్నారు. కానో గారి తొలి గురువు ఫుకుదా హచినోసుకె మనవరాలు కెయికో ఫుకుదా, కానో గారి వద్దనే జూడో నేర్చి, 1953లో ఐదో దాన్ అందుకున్నాక, ఆరోది అందడానికి 1972 దాకా ఆగవలసి వచ్చింది. కొడోకాన్ ఆమెకు తొమ్మిదో దాన్ ఇచ్చింది 2006లో. పదోది 2011లో అమెరికా సంఘం ఇచ్చేనాటికి ఆమె వయసు 98 ఏళ్లు. విసరడంలో ఆడ, మగ తేడా చూపని గురుత్వాకర్షణకు ఉన్న న్యాయబుద్ధి తమరికి లేకపోయింది.

మరొక్క మనవి. మా శిక్షణశాలలో తమరి యజమాని ఒకరు, తమ పేరు బంగారు దారంతో కుట్టించిన అక్షరాలన్నీ కనబడాలని, తమరి కొసలను మోకాళ్ల దాకా వేలాడదీస్తున్నారు. వెనక్కి అడుగు వేసినప్పుడల్లా అవి ఆయన కాళ్లకే చుట్టుకుంటున్నాయి. నిన్న నేను ఆయన్ని పడగొట్టానని అందరూ చప్పట్లు కొట్టారు. నా చెయ్యి ఇంకా ఆయన మెడపట్టీని అందుకోనే లేదు. దయచేసి ముప్పై సెంటీమీటర్ల వద్ద కత్తిరించుకోగలరు. రేపు సాయంత్రం దర్శనం చేసుకుంటాను, ఎప్పటిలాగే కింది నుంచి.

ఇట్లు,
తమరి విధేయ తెల్ల బెల్టుదారు