అప్పగించేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి
పెంచుకున్న కుక్కను షెల్టర్‌కి అప్పగించేవాళ్లకు అసలు మనసే లేదని మీ వ్యాసంలో రాసేశారు, ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను. సెలవు రోజుల్లో ఒక షెల్టర్‌లో పని చేస్తుంటాను, అక్కడికి తెచ్చిచ్చేవాళ్లలో మంచాన పడ్డవాళ్లు, ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. టీకాల కార్డు, కొరికి కొరికి చిరిగిన దుప్పటి, ‘ఉరుములంటే భయం, పిల్లలు తోక పట్టుకుంటే గుర్రుమంటుంది’ అని రాసిన కాగితం, అన్నీ ఇచ్చి వెళ్తారు. ఆ కాగితం ఉంటే ఏ ఇంటికి దత్తత ఇవ్వొచ్చో మాకు తెలుస్తుంది, వెనక్కి రావడం తగ్గుతుంది. అదే రాత్రిపూట గేటుకి కట్టేసి పోయారనుకోండి, టీకాలు పడ్డాయో లేదో కూడా తెలియదు, కొన్నాళ్లు విడిగా ఉంచి అన్నీ మొదటినుంచి వేయించాలి, పాపం అది మూలకి నక్కి ముద్ద కూడా ముట్టదు. మీరిలా తిడుతుంటే జనం సిగ్గుపడి గేటు దగ్గరే వదిలిపోతారు. తిట్టాలంటే ముచ్చటపడి కొని, పెరిగాక రోడ్డున పడేసేవాళ్లను తిట్టండి.