హైవే మీద వీలీ: కష్టం తక్కువ, ప్రమాదం ఎక్కువ

గంటకు వంద కిలోమీటర్ల వేగంలో బైక్ ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, అంటే వీలీ చేస్తూ, దూసుకెళ్లేవాణ్ణి చూస్తే సగం మంది తిడతారు, మిగతా సగం వెనకేసుకొస్తారు. తిట్టేవాళ్లది 'వీడికి ప్రాణమంటే లెక్కలేదు' అనే మాట. వెనకేసుకొచ్చేవాళ్లది 'వాడికి స్కిల్ ఉంది, బండి వాడి కంట్రోల్‌లోనే ఉంది' అనే మాట. తిట్టడం తేలిక కాబట్టి దాన్ని వదిలేద్దాం. జవాబు చెప్పాల్సింది రెండో మాటకే, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది.

వీలీకి నైపుణ్యం కావాలన్నది నిజమే. కానీ ఆ నైపుణ్యానికి అసలు పరీక్ష తక్కువ వేగంలో జరుగుతుంది. స్టంట్ రైడింగ్‌నే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా ఏం చేస్తారో గమనించండి. మనిషి పరిగెత్తినంత వేగంలోనో, ఇంకా నెమ్మదిగానో, ఖాళీ స్థలంలో ఒంటి చక్రం మీద చిన్న చిన్న వృత్తాలు తిరుగుతారు. అందుకోసం వెనక పెద్ద స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) వేయించుకుంటారు. వెనక బ్రేక్‌కు చేతి దగ్గర ఇంకో లివర్ బిగించుకుంటారు. బండి మరీ వెనక్కి వాలితే నేలకు ఆనేలా తోక కింద ఒక ఇనుప కడ్డీ పెడతారు. దాన్ని '12 బార్' అంటారు. చక్రం నెమ్మదిగా తిరిగేటప్పుడు బండి పక్కకు ఒరగకుండా ఆపేది రైడర్ ఒళ్లు, క్లచ్, బ్రేక్ మాత్రమే.

వేగం పెరిగితే కథ మారుతుంది. జోరుగా తిరిగే చక్రం తన దిశను అంత తేలిగ్గా మార్చుకోదు. ఈ గైరోస్కోపిక్ ప్రభావం వల్ల బండి పక్కకు తూలడం తగ్గుతుంది. థ్రాటిల్ కాస్త అటూ ఇటూ అయినా కుదుపు తెలియదు. తేలుతున్నట్టుంటుంది. కాబట్టి హైవే వీలీ గొప్ప పనితనానికి రుజువేం కాదు. చూసేవాడికి భయం, చేసేవాడికి హాయి. నా దృష్టిలో అసలు చిక్కు ఆ హాయిలోనే ఉంది. నెమ్మదిగా చేసేటప్పుడు తప్పు చేస్తే బండి వెంటనే చెప్పేస్తుంది, కాలు కింద పెట్టి దిగిపోవచ్చు. వేగంలో చాలాసేపు ఏమీ చెప్పదు.

ఇక కంట్రోల్ సంగతి. వంద కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ముందు చక్రం నేల వదలగానే మూడు పోతాయి. మొదటిది స్టీరింగ్. హ్యాండిల్ తిప్పినా టైరుకు పట్టు లేదు కాబట్టి ఒళ్లు వంచి కాస్త దిశ మార్చుకోవడమే మిగులుతుంది. రెండోది ముందు బ్రేక్. మోటార్‌సైకిల్‌ని గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు పనంతా దాదాపు అదే చేస్తుంది, ఎందుకంటే బ్రేక్ పడగానే బరువు ముందుకు వచ్చి పడుతుంది. మూడోది చూపు. మీటరు, ఫెయిరింగ్ (బండి ముందు తొడుగు), ట్యాంకు కళ్లముందుకు లేచి, కొద్ది దూరంలో ఉన్న రోడ్డును మూసేస్తాయి. గుంత ఉన్నా, పడిపోయిన టైరు ముక్క ఉన్నా ఉండేది అక్కడే. రాత్రయితే హెడ్‌లైట్ ఆకాశంలోకి చూస్తుంటుంది.

చిన్న లెక్క వేద్దాం. ముందున్న కారు ఉన్నట్టుండి ఆగింది. మామూలుగా వెళ్తున్న రైడర్ తేరుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే 28 మీటర్లు పోతాయి. మంచి బ్రేకింగ్‌తో ఆగడానికి మరో 50 మీటర్లు. మొత్తం 78 మీటర్లలో నిలబడతాడు. వీలీలో ఉన్నవాడికి చక్రం కిందికి దించడానికి ఇంకో సెకను అనుకుందాం, ఇదీ ఉదారంగా ఇస్తున్న అంచనానే. మొదటివాడు ఆగిపోయిన చోటుకి వీడు వచ్చేసరికి వేగం ఇంకా 75 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. దించేటప్పుడు వెనక బ్రేక్ వేగాన్ని కాస్త తగ్గించిందనుకున్నా 55 పైనే ఉంటుంది. ఇద్దరి నైపుణ్యం ఒకటే, రోడ్డు ఒకటే. ఒకడు కారు వెనక ఆగాడు, ఇంకొకడు కారులోకి వెళ్లాడు.

ఇదంతా ఎప్పుడో ఒకసారి జరిగే అరుదైన సందర్భం కదా అనుకోవచ్చు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. పాతదే, కానీ ఈ రంగంలో ఇప్పటికీ జనం దాన్ని తిరగేస్తూనే ఉంటారు. అందులో మూడు విషయాలు ఇక్కడ పనికొస్తాయి. ప్రమాదం తప్పించుకోవడానికి రైడర్‌కు సాధారణంగా దొరికేది రెండు సెకన్లలోపే. వేరే వాహనం కూడా ఉన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు ఆ వాహనం డ్రైవర్ బైక్‌కు దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయి. ఆ కంగారులో చాలామంది రైడర్లు వెనక బ్రేక్ మరీ గట్టిగా నొక్కి చక్రం జారేలా చేశారు, ముందు బ్రేక్‌ను సరిపడా వాడలేదు. తప్పు ఎదుటివాడిదైనా తప్పించుకోవాల్సింది బైక్ మీదున్నవాడే, చేతిలో ఉన్నది రెండు సెకన్లే, అక్కరకొచ్చేది ముందు బ్రేకే. వీలీ చేసేవాడు ఆ బ్రేక్‌ను తన ఇష్టంతో గాల్లో పెట్టుకుని వెళ్తున్నాడు.

గాలి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హైవే వీలీని మామూలు వీలీ నుంచి వేరుచేసేది ముఖ్యంగా అదే. గాలి తోపు వేగంతో సమంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. యాభైలో ఉన్నదానికి వందలో నాలుగింతలు. బండి లేచి నిలబడితే దాని పొట్ట, రైడర్ ఛాతీ గాలికి అడ్డంగా నిలబడి తెరచాపలా పట్టుకుంటాయి. ఆ తోపు మనిషినీ బండినీ వెనక్కి వాల్చే వైపే పనిచేస్తుంది. తక్కువ వేగంలో అలవాటైన బ్యాలెన్స్ పాయింట్, అంటే బండి ముందుకూ వెనక్కీ పడకుండా నిలిచే వాలు, ఇక్కడ పనికిరాదు. అంతకంటే ముందే, ముక్కు ఇంకా కిందుండగానే బండి వెనక్కి పోవచ్చు. పెద్ద లారీ వెనక ఉన్నంతసేపూ గాలి తక్కువగా ఉంటుంది. పక్కకు తప్పుకుని దాన్ని దాటే క్షణంలో గాలంతా ఒక్కసారిగా తగులుతుంది. ఆ సమయంలో చక్రం పైన ఉంటే ఆదుకునేది వెనక బ్రేక్ ఒక్కటే. పాదం దాని మీద లేకపోతే 'లూప్' అవుతుంది, అంటే బండి వెనక్కి తిరగబడుతుంది.

ఇంకో మాట. వంద దగ్గర ఇంజిన్ బలంతోనే చక్రం లేవాలంటే చక్రం దగ్గర సుమారు వంద హార్స్‌పవర్ కావాలి. బండీ మనిషీ కలిపి 275 కిలోలనుకుని, బరువు మధ్యలో ఉందనుకుని వేసిన ముతక లెక్క ఇది. అంత బలం లేని బండ్ల మీద చేసేవాళ్లు తక్కువ వేగంలో లేపి, పైన ఉంచుకునే వేగం పెంచుకుంటూ పోతారు. అంటే ఒంటి చక్రం మీద ఉండే దూరం ఇంకా ఎక్కువ.

లేపడం గురించి అందరూ మాట్లాడతారు, దించడం గురించి తక్కువ. గాల్లో ఉన్న ముందు చక్రం మెల్లమెల్లగా నెమ్మదిస్తుంది. నేలకు తగలగానే రెప్పపాటులో వంద వేగానికి తిరగాలి. విమానం దిగేటప్పుడు టైరు కీచుమని పొగ వదలడం చూసే ఉంటారు, అదే పని. విమానం చక్రం తిన్నగా ఉంటుంది. ఇక్కడ గాలికో, చేతుల బిగుతుకో హ్యాండిల్ ఒక పిసరు పక్కకు తిరిగి ఉండొచ్చు. టైరు నేలను పట్టగానే చక్రం తనను తాను సరిచేసుకోబోయి అవతలి వైపుకు విసురుతుంది, మళ్లీ ఇవతలికి. హ్యాండిల్ ట్యాంకుకు అటూ ఇటూ టపటపా కొట్టుకుంటుంది. 'ట్యాంక్ స్లాపర్' అనేది దీన్నే. కంగారుపడి గట్టిగా బిగించి పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. హ్యాండిల్ ఊపును అణిచే స్టీరింగ్ డాంపర్ ఉంటే కొంత నయం.

ఇక బండికి జరిగే నష్టం. ముందు ఫోర్క్ సీళ్లు, స్టీరింగ్ బేరింగులు, చైన్ దెబ్బతినడం చిన్న విషయాలు. ఇంజిన్ ఆయిల్ అంతా వెనక్కి పోయి పంపుకు అందకపోతే లోపల బేరింగులు నూనె లేకుండా తిరుగుతాయి. స్టంట్ బండ్లకు ఆయిల్ పాన్‌లో మార్పులు చేయించుకునేది అందుకే.

వేగం తెలిసినవాళ్లు వీలీని ఎలా చూస్తారన్నది నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే విషయం. రేసులో చక్రం లేచిందంటే టైమ్ పోయినట్టే, ఎందుకంటే థ్రాటిల్ తగ్గించక తప్పదు. 2015లో డుకాటీ కంపెనీ మోటోజీపీ (ప్రపంచ స్థాయి బైక్ రేసులు) బండ్లకు చిన్న రెక్కలు పెట్టిందంటే ముందు భాగాన్ని కిందికి నొక్కి ఉంచడానికే. అదే ఏడాది వచ్చిన యమహా ఆర్1లో బండి ఎంత వాలిందో, ఎంత లేచిందో కొలిచే సెన్సర్ల సాయంతో చక్రం లేవకుండా చూసే వ్యవస్థ కంపెనీయే ఇచ్చింది. దాన్ని మెనూలోకి వెళ్లి ఆఫ్ చేసి హైవే ఎక్కేవాళ్లున్నారు.

రికార్డులు ఎక్కడ జరిగాయో కూడా చూడండి. 1991లో యసుయుకి కుడో జపాన్‌లో ఒంటి చక్రం మీద 331 కిలోమీటర్లు వెళ్లాడు, వాహనాలు పరీక్షించే ట్రాక్ మీద. 1999లో పాట్రిక్ ఫర్‌స్టెన్‌హాఫ్ 307.86 కిలోమీటర్ల వేగంలో వీలీ చేశాడు, ఇంగ్లండ్‌లోని బ్రంటింగ్‌థోర్ప్ పాత వైమానిక స్థావరం రన్‌వే మీద. ఎదురుగా ఎవరూ రారు, పక్క నుంచి ఎవరూ తగలరు. పడితే ఏమవుతుందన్నదీ చోటును బట్టే ఉంటుంది. 2013లో ఇటలీలోని ముజెల్లో ట్రాక్ మీద మోటోజీపీ రేసర్ మార్క్ మార్కెజ్ 300 దాటిన వేగంలో అదుపు తప్పి కిందపడి, గడ్డం వాచి లేచి నడిచాడు. ఒంటి మీద ఎయిర్‌బ్యాగ్ సూట్, చుట్టూ ఖాళీ. హైవే మీద జారుతూ పోయే మనిషికి ఎదురయ్యేది క్రాష్ బ్యారియర్ స్తంభమో, వెనక వస్తున్న బస్సు చక్రమో. హెల్మెట్ ఉంది కదా అంటారు. చాలాకాలం అమల్లో ఉన్న యూరప్ ప్రమాణం ఈసీఈ 22.05 ప్రకారం హెల్మెట్‌ను గుద్దించి చూసే వేగం సెకనుకు 7.5 మీటర్లు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. నేల మీద పడే తలను కాపాడటానికి అది చాలావరకు సరిపోతుంది. స్తంభాన్ని నేరుగా ఢీకొట్టడానికి తయారైంది కాదది.

'నా ప్రాణం నా ఇష్టం' అనే వాదన ఒకటి మిగిలింది. రైడర్ చెయ్యి జారాక కూడా రెండు వందల కిలోల బండి ఆగదు, చాలా దూరం దొర్లుతూ పోతుంది. దానికి ఎదురొచ్చే కుటుంబాన్ని ఎవరూ అడగలేదు. బండి వెనక సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టుకున్నవాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు, లూప్ అయితే ముందు నేలకు తగిలేది వాళ్ల వీపే.

కాబట్టి పట్టుకుని జరిమానా వేసి వదిలేయడం కన్నా, నేర్చుకోవాలనుకునేవాళ్లకు మూసేసిన స్థలంలో చోటివ్వడం ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం. వీలీ నేర్పే స్కూళ్లు కొన్ని దేశాల్లో ఉన్నాయి. బండి తిరగబడకుండా ఆపే ఏర్పాటు చేసి, తక్కువ వేగంలో, అన్నిటికన్నా ముందు వెనక బ్రేక్ మీద పాదం ఉంచడం అలవాటు చేస్తారు. రోడ్డు మీద పట్టుబడ్డవాడికి మాత్రం ఇది ట్రాఫిక్ ఉల్లంఘనలా కాక, ఎదుటివాళ్ల ప్రాణాలకు ముప్పు తెచ్చిన నేరంగా లెక్కకు రావాలి. లైసెన్సు కొన్ని నెలలు పోతే చాలామంది ఆలోచనలో పడతారు. జరిమానా డబ్బును వీలీ వీడియోలు తీసే ఖర్చులో కలుపుకునేవాళ్లకు కూడా లైసెన్సు ఖర్చు అలా కలుపుకోవడానికి వీలుండదు.