మచ్చ కనపడగానే మందు సీసా ఎత్తేవాళ్ళతో నా గొడవ

ఇంట్లో అక్వేరియం పెట్టుకున్న ఒకాయన దగ్గర్నుంచి పొద్దున్నే మళ్ళీ ఒక ఫోటో వచ్చింది. అద్దం మీద ఫ్లాష్ పడి, మధ్యలో చేపో ఆకో తెలియని ఆకారం ఒకటి. కింద ఒకటే మాట: "దీనికి ఏం మందు వెయ్యాలి?" నీళ్ళు ఎప్పుడు మార్చారు, నీళ్ళలో అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం) ఎంతుంది, ఈమధ్య కొత్త చేపలేమైనా తెచ్చారా అని అడిగాను. "అవన్నీ తర్వాత చూద్దామండీ, ముందు మందు పేరు చెప్పండి" అన్నారు. ఇంకాస్త గుచ్చి అడిగితే తేలిందేంటంటే ఆల్రెడీ ఒక నీలం మందు పోసేశారట, ఎన్ని చుక్కలో గుర్తులేదట!

నా కోపంలో సగం నా మీదే, ఎందుకంటే మొదట్లో నేనూ ఇలాగే చేశాను. నా మొదటి ట్యాంకులో ఒక మోలీ చేపకి మూతి దగ్గర తెల్లగా కనపడింది. తెల్లగా ఉంది కాబట్టి ఇక్ (పరాన్నజీవి వల్ల తెల్ల చుక్కలొచ్చే జబ్బు) అనుకున్నాను, ఇక్ అయితే వేడి పెంచాలని ఎక్కడో చదివాను కాబట్టి హీటరు 30 డిగ్రీలకు తిప్పి, ఏదో వైద్యం చేసినట్టు హాయిగా పడుకున్నాను. తెల్లారేసరికి మూడు పోయాయి. సాయంత్రానికి ఇంకో రెండు. వాటి వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన పట్టీ ఉంది, అది కాలమ్నారిస్ లక్షణమని చాలా రోజుల తర్వాత తెలిసింది. అది బాక్టీరియా, నీళ్ళు వెచ్చబడేకొద్దీ ఇంకా విజృంభిస్తుంది. అంటే ఆ రాత్రి నేను చేసింది వైద్యం కాదు, జబ్బుకి చలి కాచుకోవడానికి మంట వేసిపెట్టాను.

అందుకే "తెల్లగా ఏదో ఉంది" అని ఎవరైనా అంటే ఎలాంటి తెలుపు, ఎక్కడ, ఎంతసేపట్లో వచ్చింది అని ప్రాణం తీస్తాను. ఇక్ అయితే సన్న ఉప్పు చల్లినట్టు విడివిడి చుక్కలు, చేప ఊరికే రాళ్ళకీ మొక్కలకీ ఒళ్ళు రాసుకుంటూ ఉంటుంది. కాలమ్నారిస్ అయితే చుక్కల్లా కాకుండా పొరలాగా, మూతి చుట్టూనో వీపు మీదో ఉంటుంది, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీస్తుంది. నిజమైన బూజుకి దూది పోగులు బయటికి వేలాడుతుంటాయి, అది ఎక్కువగా ముందే గాయమైన చోట పడుతుంది. వెల్వెట్ అనే ఇంకో పరాన్నజీవి జబ్బు మామూలు లైట్లో సరిగ్గా కనపడదు, గది చీకటి చేసి టార్చి ఏటవాలుగా వేస్తే బంగారు పొడి అద్దినట్టు మెరుస్తుంది. లింఫోసిస్టిస్ అని ఇంకోటుంది, వైరస్ వల్ల రెక్కల మీద గట్టి బుడిపెలు వస్తాయి, దానికి మందు లేదు, చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. ఇవన్నీ ఫోటోలో "తెల్లగా"నే ఉంటాయి. వీటికి తోడు, ఈడొచ్చిన మగ గోల్డ్ ఫిష్‌కి మొప్పల మూత మీదా ముందు రెక్కల అంచునా తెల్లటి చిన్న పొక్కులొస్తాయి. అది జబ్బే కాదు, పెళ్ళికళ! తెలిసినాయన ఒకరు ఆ పెళ్ళికొడుక్కి వారం రోజులు ఇక్ మందు తాగించారు.

ఇక్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే రోగం సరిగ్గా పోల్చుకున్నవాళ్ళు కూడా ఇక్కడే బోల్తా పడతారు. చేప మీద కనపడే చుక్క అసలు చర్మం పైన ఉండదు, పై పొర కింద దూరి ఉంటుంది. అక్కడ దాన్ని మామూలుగా ఏ మందూ ఏమీ చెయ్యలేదు. అది తిని బలిసి, రాలి అడుగుకి చేరి, చుట్టూ జిగురు గూడు కట్టుకుని లోపల వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు గూడు పగిలి బయటికొచ్చి చేప కోసం ఈదుతాయి, రెండు మూడు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందుకి దొరికేది ఆ ఈదే పిల్లలే. ఇప్పుడు చెప్పండి, "మూడో రోజుకి చుక్కలు పోయాయి, మందు ఆపేశాం" అంటే ఏం జరిగినట్టు? చుక్కలు పోలేదు, పిల్లల్ని పెట్టడానికి కిందికి దిగాయి. మళ్ళీ కొన్నాళ్ళకి రెండింతలు చుక్కలొస్తాయి, అప్పుడు మందు కల్తీది అని అమ్మినవాణ్ణి తిడతారు. వేడి పెంచమనేది కూడా ఇందుకే, 25 డిగ్రీల్లో వారం లోపు తిరిగే ఈ చక్రం చల్లటి నీళ్ళలో వారాల తరబడి సాగుతుంది, వెచ్చబెడితే త్వరగా బయటపడి మందుకి దొరుకుతుంది. కానీ వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది కాబట్టి ఎయిర్ పంపు తప్పనిసరి, డిగ్రీలు కూడా మెల్లగా పెంచాలి, నాలాగా ఒక్క రాత్రిలో కాదు. చివరి చుక్క కనపడ్డాక కూడా ఇంకొన్ని రోజులు మందు సాగాలి, సీసా మీద రాసినంత కాలం.

ఇవన్నీ రెండో మెట్టు. మొదటి మెట్టు నీళ్ళు. నాకొచ్చే ఫోటోల్లో చాలావాటికి అసలు రోగమే ఉండదు. ట్యాంకులో చేపలన్నీ ఒకేసారి పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నాయంటే, మొప్పలు ఎర్రబడ్డాయంటే, ముందు నీళ్ళని అనుమానించాలి. అంటురోగం సాధారణంగా అన్నిటినీ ఒకే గంటలో పట్టదు, ఒకదానికి వచ్చి, రెండు రోజులాగి పక్కదానికి వస్తుంది. కుదురుకున్న ట్యాంకులో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ సున్నా ఉండాలి, "కొంచెమే ఉందండీ" అంటే ఉన్నట్టే లెక్క. ఇలాంటి నీళ్ళలో మందు పోస్తే అది ఫిల్టర్లో అమ్మోనియా తినే మంచి బాక్టీరియాని కూడా దెబ్బతీయవచ్చు, మిథిలిన్ బ్లూ అనే నీలం మందు దానికి పేరు మోసింది. అమ్మోనియా ఇంకా పెరుగుతుంది, చేపలు ఇంకా డీలా పడతాయి, మందు చాల్లేదని ఇంకో మూత పోస్తారు. ఫిల్టర్లో కార్బన్ ఉంచేసి మందు పోసేవాళ్ళది ఇంకో రకం కామెడీ, కార్బన్ ఆ మందుని పీల్చేస్తుంది. రాగి ఉన్న మందు పోసి "రొయ్యలెందుకు చచ్చాయి" అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలియదు.

మనుషుల యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి ట్యాంకులో దులిపేవాళ్ళ మీద మాత్రం నవ్వు కూడా రావడం లేదు. ఏ బాక్టీరియానో తెలియదు, ఎంత డోసో తెలియదు, టెట్రాసైక్లిన్ లాంటివి కఠిన జలంలోని కాల్షియంతో కలిసి సగం పనికిరాకుండా పోతాయనీ తెలియదు. మిగిలిన నీళ్ళు కాలవలోకి పోతాయి, మందుకి లొంగని బాక్టీరియాని మన చేత్తో మనమే తయారు చేస్తున్నాం. ఇంకొందరైతే "మా వల్ల కాలేదండీ, పాపం చెరువులో వదిలేశాం" అంటారు. పాపం ఆ చేప మీదేనా, చెరువులో ఉన్న చేపల మీద లేదా?

ఇదంతా తప్పించే దారి ఒకటుంది, ఎవరికీ నచ్చదు. కొత్త చేపని నాలుగు వారాలు విడిగా ఉంచడం. అద్దాల ట్యాంకే అక్కర్లేదు, మూతున్న ప్లాస్టిక్ టబ్బు, మంచి బాక్టీరియా పట్టేలా ముందే పెద్ద ట్యాంకులో నానిన స్పాంజ్ ఫిల్టర్, అవసరమైతే హీటరు, దానికంటూ వేరే వల. "చేప చలాకీగా ఉంది కదా" అంటారు, ఉంటుంది, మొప్పల్లో పురుగుల్ని మోస్తూ కూడా వారాలు చలాకీగా ఉంటుంది. చోటు లేదు అంటారు. ఉన్న ఇరవై చేపలూ పోయాక బోలెడంత చోటు దొరుకుతుంది.

చచ్చిన చేపని "సాయంత్రం తీద్దాం" అని వదిలేయకండి, మిగతావి దాన్ని పొడుచుకు తింటాయి, లోపలున్నదంతా వాటికి చేరుతుంది. చేతి మీద తెగిన గాయముంటే గ్లవుజు లేకుండా నీళ్ళలో చెయ్యి పెట్టకండి. చేపల్లో ఉండే మైకోబాక్టీరియం మరీనం అనే బాక్టీరియా మనిషి చర్మానికి కూడా పడుతుంది, మెల్లగా, వారాల తర్వాత గడ్డలా తేలుతుంది, తగ్గడానికి నెలలు మందులు మింగాలి. అలాంటి గడ్డ వస్తే డాక్టరుతో ఇంట్లో అక్వేరియం ఉందని చెప్పండి, చెప్పకపోతే ఆయనకి తట్టకపోవచ్చు.

పొద్దుటి ఫోటో ఆయన మధ్యాహ్నం టెస్ట్ చేసి పంపారు. అమ్మోనియా 2. సగం నీళ్ళు తీసి, క్లోరిన్ పోగొట్టిన నీళ్ళు పోయమన్నాను, రెండు రోజులు మేత ఆపమన్నాను, సీసా దాచెయ్యమన్నాను. "అంతేనా, మందు ఏం లేదా?" అని కొంచెం నిరాశగా అడిగారు. రేపు పొద్దున మళ్ళీ కొలిచి పంపమన్నాను, ఈసారి ఫోటో ఫ్లాష్ లేకుండా.