సూర్యుడికి నోటీసివ్వాలి

దేశం మొత్తానికి టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖాంశం మా కాకినాడ దగ్గర్నుంచే పోతుందని చిన్నప్పుడు మాస్టారు గర్వంగా చెప్పేవారు. అంచేత ఈ చుట్టుపక్కల టైముకి మర్యాద ఎక్కువేమో అనుకునేవాణ్ని, మొన్న డిసెంబరు మొదట్లో మా మేనల్లుడి పైలట్ పరీక్షకి క్యారేజీ పట్టుకుని తోడెళ్లేదాకా.

పరీక్ష ఉదయం 10 గంటలకి. ఎగ్జామినర్ గారు దయచేసింది ఒంటిగంటకి. దయచేసినవారు భోంచేయాలి కదా, చేశారు. ఆపైన ఆత్రేయపురం పూతరేకు. దాన్ని పొర తర్వాత పొర విప్పుకుంటూ తింటుంటే కిటికీలోంచి చూశాను. బెల్లంపొడి మీసం మీద పడింది, దులుపుకున్నారు, దులిపిన చేతిని కాసేపు పరిశీలించి రెండోది అందుకున్నారు. అవతల మావాడు ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడి చెక్‌లిస్టు ఎన్నోసారో చదువుతున్నాడు. పూతరేకుల తర్వాత కునుకు. 4:40కి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, పడమటికేసి చూసి "వెలుతురుందా?" అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ ఒకే గొంతుతో "ఆయ్, బోలెడుందండి!"

ఆయన తప్పేం లేదు. తప్పంతా సూర్యుడిది. ఆ రోజుల్లో మాకు 5:30 కాకుండానే మునిగిపోతాడు, మునిగాక పాతిక నిమిషాలు కూడా వెలుగు నిలవనివ్వడు. అసురసంధ్య వేళ పడుకోకూడదు, తల దువ్వకూడదు, అప్పివ్వకూడదు అనేది మా అమ్మమ్మ. విమానం ఎక్కకూడదని మాత్రం చెప్పలేదు, అక్కడ ఆవిడ పొరపాటు కూడా ఉంది.

ఎక్కేముందు రెక్క కింద నుంచి కాస్త పెట్రోలు చిన్న గొట్టంలోకి తీసి చూడాలి. పెట్రోలు లేతనీలం, నీళ్లుంటే అడుగున రంగు లేకుండా తేరుకుంటాయి. మావాడు గొట్టాన్ని ఆకాశానికేసి ఎత్తి, కళ్లు చికిలించి, చివరికి ఫోన్ టార్చి వేశాడు. ఇది పగటి పరీక్ష అండి. రాత్రి పరీక్ష వేరే ఉంది.

పైన జరిగింది వాడు రాత్రి అన్నం ముందు చెప్పాడు. 2000 అడుగుల దగ్గర సారు ఇంజిన్ జోరు తగ్గించే థ్రాటిల్ వెనక్కి లాగి "ఇంజిన్ పోయింది, ఎక్కడ దింపుతావ్?" అన్నారట. ఆ చిన్న సెస్నా విమానం అక్కణ్నుంచి జారితే ఓ ఐదు కిలోమీటర్లు పోతుంది, అంతే. ఎడమ కొబ్బరితోట, కుడి కాలవ, ముందంతా గడ్డి తగలబెట్టిన పొగ. వెలుగు తగ్గేకొద్దీ కన్ను ముందు రంగుల్ని వదిలేస్తుంది, తర్వాత దూరాల్ని. పగలైతే కోసిన చేను గట్లతో సహా కనపడుతుంది. మునిమాపు వేళ కాలవా మెరుస్తుంది, చెరువూ మెరుస్తుంది, తడి చేనూ మెరుస్తుంది. మావాడు మెరిసేవాటిలో ఒకటి చూపించాడు. "అది రొయ్యల చెరువయ్యా! రేపు పట్టుబడిలో నిన్ను కూడా తూకం వేస్తారు" అని సారు ఒకటే నవ్వు. దిగేటప్పుడు నేల ఎంత దూరంలో ఉందో అందక నేల తాకబోతూ ఎత్తాల్సిన విమానం ముక్కుని మనిషెత్తులోనే ఎత్తేశాడు, బండి దబ్బున కూలబడింది.

ఫెయిల్. కారణం: జడ్జిమెంట్ లోపం.

జడ్జిమెంటట! 4:40కి వాడు నా చెవి దగ్గరకొచ్చి "మావయ్యా, రేపు పెట్టుకుంటామని అడగనా?" అన్నాడే, అది కాదూ జడ్జిమెంటంటే? పోకూడనప్పుడు పోకపోవడం కంటే పైలట్‌కి వేరే చదువేముంది? పరీక్ష మొత్తంలో వాడు కరెక్టుగా రాసిన జవాబు అదొక్కటే, దానికి మార్కులు లేవు. నోరు విప్పితే మళ్లీ డేటు ఎన్నాళ్లకిస్తారో, మొండివాడని పేరుపడితే ఏమవుతుందో! మా అక్క అరెకరం కొబ్బరితోట అమ్మి 200 గంటలు ఎగరేయించింది వాణ్ని. ఒక మనిషి కునుకు కోసం పిల్లాణ్ని చీకట్లోకి తోసి, చీకట్లో తడబడ్డావని సంతకం పెట్టడానికి సిగ్గుండాలి. నాకూ ఉండాలి. "నోర్మూసుకుని ఎక్కరా" అన్నది నేనే.

సారు కారెక్కుతుంటే క్యారేజీ సర్దుకుంటూ అక్కడే ఉన్నాను. మిగిలిన పూతరేకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని డ్రైవరుతో అన్నారు: "చీకటి పడింది. నిదానంగా పోనీ, కంగారేం లేదు."