డే ట్రేడింగే సురక్షితమన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది?

“సాయంత్రానికల్లా అన్నీ అమ్మేసే డే ట్రేడర్‌కు రాత్రి భయం లేదు, రోజుకు ఒక్క శాతం లాభం చాలు, నెలల తరబడి షేర్లు పట్టుకొనే పొజిషన్ ట్రేడింగ్ డబ్బును బంధించడమే” అన్న సందేశం ఇప్పుడు విరివిగా చేతులు మారుతోంది.

ముందుగా ఆ ఒక్క శాతం సంగతి. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులనుకొని చక్రవడ్డీ లెక్క కడితే, పెట్టుబడి మొదటి ఏడాదికే సుమారు 12 రెట్లు, మూడేళ్లకు 1,700 రెట్లకు పైగా కావాలి. అది సాధ్యమైనవారికి ఇతరులకు శిక్షణ తరగతులు నడిపి ఫీజు తీసుకోవాల్సిన పనేముంటుంది? తైవాన్‌లో 1992 నుంచి 2006 వరకు జరిగిన లావాదేవీలను పరిశీలించిన పరిశోధకులు బార్బర్, ఒడీన్ ప్రభృతులు, ఖర్చులు పోను నిలకడగా లాభం తీయగలిగిన డే ట్రేడర్లు ఒక శాతం కన్నా తక్కువేనని తేల్చారు.

ఆ ఖర్చులనే ఈ సందేశం దాటవేసింది. కొని అమ్మే ఒక్కో విడతకు బ్రోకరేజీ, పన్నులు, కొనుగోలు అమ్మకం ధరల మధ్య తేడా కలిపి 0.1 శాతమే అనుకున్నా, మొత్తం పెట్టుబడితో రోజుకు రెండు విడతల చొప్పున ఏడాదిలో పెట్టుబడిలో సగానికి సమానమైన మొత్తం వాటికే పోతుంది. ఏడాదికి పది విడతలతో సరిపెట్టుకొనే పొజిషన్ ట్రేడర్‌కు అదే లెక్కన పోయేది ఒక్క శాతం.

రాత్రి వెలువడే వార్తలతో మర్నాడు ధర ఒక్కసారిగా కిందికి దూకి తెరుచుకోవచ్చునన్నది నిజమే. అయితే పగలు క్షేమమని ఎవరన్నారు? 2010 మే 6న అమెరికా మార్కెట్ పట్టపగలే నిమిషాల్లో కుప్పకూలి, మళ్లీ నిమిషాల్లోనే చాలావరకు కోలుకొన్నప్పుడు, కొన్ని స్టాప్‌లాస్ ఆర్డర్లు (ధర ఫలానా స్థాయికి పడితే అమ్మేయమని ముందే ఇచ్చే ఆదేశాలు) ఊహించని అట్టడుగు ధరలకు అమలయ్యాయి.

డబ్బు బంధించడమన్న మాట అసలు నిలవదు; ధర అనుకున్న గీత దాటితే పొజిషన్ ట్రేడరూ ఆ రోజే అమ్మవచ్చు.

నష్టం పరిమాణాన్ని నిర్ణయించేది గడియారం కన్నా ముందు పందెం పరిమాణం. పెట్టుబడిలో పదో వంతు పెట్టిన షేరు రాత్రికి రాత్రి 20 శాతం పడితే పోయేది మొత్తంలో 2 శాతం. అయిదు రెట్ల మార్జిన్‌తో, అంటే బ్రోకర్ వెసులుబాటుతో తన డబ్బుకు అయిదింతల విలువైన షేర్లు కొంటూ, మొత్తం పెట్టుబడిని దించిన డే ట్రేడర్‌కు ధర 4 శాతం ఎదురు తిరిగితే 20 శాతం మధ్యాహ్నానికే పోతుంది.