పప్పుచారులో పడ్డ ప్రపంచ టైటిల్

మా ఇంటి అల్లుళ్ళిద్దరికీ ఆస్తి తగాదాల్లేవు. రాజకీయాల్లోనూ ఇద్దరిదీ ఒకటే పార్టీ. ఉన్న గొడవల్లా ఒక్కటే: అమెరికాలో ఉండే ఫైటర్ జాన్ జోన్స్, ఇంగ్లండులో ఉండే ఇంకో ఫైటర్ టామ్ ఆస్పినల్‌కి మొహం చాటేశాడా, లేదా అని. ఈ ముక్క మీద విజయవాడలో మా ఇంటి హాల్లో ఖర్చయినంత గొంతు లాస్ వెగాస్‌లో కూడా ఖర్చయి ఉండదు.

పెద్దబావది జోన్స్ పక్షం. బ్యాంకు ఉద్యోగి, నెమ్మదస్తుడు, చీమకి కూడా దారిస్తాడు. అలాంటి మనిషి ఎనిమిది మూలల పంజరంలో ఇద్దరు మగాళ్ళు నెత్తురోడేలా కొట్టుకునే యూఎఫ్‌సీ కంపెనీ పోటీల్ని చూస్తూ ఇడ్లీ తినగలడు. "2011లో ఇరవై మూడేళ్ళకే ఛాంపియనయ్యాడురా బామ్మర్దీ. షోగన్, రాంపేజ్, మచీడా, ఎవాన్స్, బెల్ఫోర్ట్, వరసగా టైటిల్ రుచి చూసిన అయిదుగుర్ని పడగొట్టాడు. అలాంటివాడు భయపడ్డాడంటే నోరెలా వస్తుందిరా?" అంటాడు. ఆ పేర్లు చెప్పేటప్పుడు ఆయన గొంతు గోత్రనామాలు చదివే పురోహితుడి గొంతులా ఉంటుంది.

చిన్నబావ హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. ఆయన ఆస్పినల్ పక్షం. "మరి 2012లో జోన్స్‌తో తలపడాల్సిన హెండర్సన్‌కి దెబ్బ తగిలి, అతని బదులు చేల్ సోనెన్ వస్తానంటే, ఎనిమిది రోజుల గడువు చాలదని వద్దన్నది ఎవరన్నయ్యా? దాంతో షో మొత్తం రద్దయిపోయింది. కంపెనీ చరిత్రలో అదే మొదటిసారి!" అని పాత చిట్టా విప్పుతాడు. పెద్దబావ వెంటనే మంచినీళ్ళు అడుగుతాడు.

అసలు పేచీ మొదలైంది 2023 దీపావళికి. ఆ ఏడు మార్చిలో జోన్స్ అన్నిటికన్నా పెద్ద బరువు తరగతైన హెవీవెయిట్‌కి ఎక్కి, సిరిల్ గాన్‌ని రెండు నిమిషాల నాలుగు సెకన్లలో మెడపట్టు పట్టి ఛాంపియన్ బెల్టు కట్టుకున్నాడు. అంతకుముందు ఆ బెల్టు ఫ్రాన్సిస్ ఎన్‌గానుది. అతను కంపెనీతో బేరం కుదరక వెళ్ళిపోయాడు. నవంబరులో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జోన్స్, స్టిపే మియోచిచ్‌తో తలపడాలి. మియోచిచ్ మాజీ ఛాంపియన్, ఓహాయోలో ఫైరింజన్ ఉద్యోగం కూడా చేసేవాడు. తీరా పోటీకి ముందు ప్రాక్టీసులో జోన్స్ ఛాతీ కండరం ఎముక దగ్గర తెగింది. పంజరం ఖాళీగా ఉండకూడదు కదా, తాత్కాలిక బెల్టొకటి పెట్టి ఆస్పినల్‌నీ సెర్గీ పావ్లోవిచ్‌నీ దింపారు. రెండు వారాల పైచిలుకు గడువిస్తే ఆస్పినల్ సరేనన్నాడు.

అది మనకి నవంబరు 12, ఆదివారం. నరక చతుర్దశీ దీపావళీ ఒకేరోజు పడ్డాయి. తెల్లారకముందే అమ్మ అల్లుళ్ళిద్దరికీ పీటలేసి మాడున నూనె పెట్టింది. పెద్దబావ బుద్ధిగా వెళ్ళి తలంటు పోసుకున్నాడు. చిన్నబావ మాత్రం "ఒక్క ఫైటు అత్తయ్యా, అయిపోగానే వెళ్తా" అని టీవీ ముందు బైఠాయించాడు. ఆ ఒక్క ఫైటూ వచ్చేసరికి పొద్దెక్కింది. వంటింట్లోంచి అమ్మ, "పండగపూట ఈ వేళ దాకా నూనె తలతో కూచునేవాణ్ణి ఈ వంశంలో చూళ్ళేదు" అంటోంది. అల్లుణ్ణి ఏమీ అనకూడదు కాబట్టి ఆ మాట నాకేసి చూసి అంది. గంట కొట్టారు. సరిగ్గా అప్పుడే తెల్లవారి నుంచి నుదుటి మీద పొంచి ఉన్న నువ్వులనూనె చిన్నబావ కుడికంట్లోకి దిగింది. "అబ్బా, తువ్వాలు, తువ్వాలు!" అని తడుముకుని, ఒక కన్ను తుడుచుకుని, ఆ నూనెచేత్తోనే రెండో కన్ను కూడా తుడుచుకుని, తీరా తెరిచి చూసేసరికి పావ్లోవిచ్ కింద, ఆస్పినల్ మీద, రిఫరీ మధ్యలో ఉన్నారు. అరవై తొమ్మిది సెకన్లు పట్టిందట. చిన్నబావ జీవితంలో అతి పెద్ద విజయాన్ని పెద్దబావ మాత్రమే చూశాడు. చూసినవాడు ఊరుకున్నాడా? "బాగానే కొట్టాడు, కానీ తాత్కాలికమేగా" అన్నాడు.

ఆ మాటే కొంప ముంచింది.

మరుసటేడు జులైలో మాంచెస్టర్‌లో, అంటే ఆస్పినల్ సొంతూరి పక్కనే, కర్టిస్ బ్లేడ్స్‌తో పోటీ పెట్టారు. అదే బ్లేడ్స్‌తో 2022లో లండన్‌లో తలపడి పదిహేను సెకన్లకే మోకాలు పట్టేసి పడిపోయాడు ఆస్పినల్. ఈసారి అరవై సెకన్లలో పని ముగించాడు. తాత్కాలిక బెల్టుని కాపాడుకోవడమేమిటో నాకు ఇప్పటికీ బోధపడదు. రైల్లో వెయిటింగ్ లిస్టు టికెట్టుని బందోబస్తుగా దాచుకున్నట్టుంటుంది. అమెరికావాళ్ళ టీవీ వేళకి కుదరాలని మాంచెస్టర్ జనాన్ని తెల్లవారుజామున మూడింటికి కూచోబెట్టారు. మనకి ఏడున్నర. ఆవేళ పాతబస్తీలో లాల్‌దర్వాజ బోనాలు. చిన్నబావ ముందురోజే తలస్నానం చేసి, పొడితలతో, ఫోను ఛార్జింగు నిండా పెట్టుకుని చూశాడు. చూసి పెద్దబావకి ఫోన్ చేశాడు. పెద్దబావ ఎత్తలేదు.

ఇక 2024 నవంబరు 17 సంగతి. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే, ఏడాది ఆలస్యంగా, జోన్స్ వర్సెస్ మియోచిచ్. మియోచిచ్‌కి అప్పటికి నలభై రెండేళ్ళు, బరిలో దిగి మూడేళ్ళు దాటింది. ఆస్పినల్‌ని ఎందుకైనా మంచిదని అదనపు ఆటగాడిగా తీసుకెళ్ళి, బరువు కూడా తూచి, పక్కన కూచోబెట్టారు. ఇలాంటి మర్యాద మన పెళ్ళిళ్ళలో కూడా ఎవరికీ జరగదు.

మాకా ఆదివారం కార్తీక వనభోజనాలు. నూజివీడు దగ్గర తెలిసినవాళ్ళ మామిడితోట, మధ్యలో ఓ ఉసిరిచెట్టు, దాని కింద మా వంశవృక్షం మొత్తం. ఆడవాళ్ళు ఉసిరికొమ్మకి పసుపూ కుంకుమా పెడుతున్నారు. ఇటుకల పొయ్యి మీంచి ములక్కాడల పప్పుచారు గుండిగ అప్పుడే దించారు. ఇంకా పొగలు కక్కుతోంది. తోటలో సిగ్నలు ఒకే ఒక్క చోట ఉంది, సరిగ్గా ఆ గుండిగ పక్కన. చిన్నబావ కొత్త ఫోను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పెద్దబావ, నేను, బాబాయి, ముగ్గురు పిల్లలు, వంటమనిషి చుట్టూ మూగాం. బొమ్మ నాలుగడుగులు నడిచి ఆగుతోంది, మళ్ళీ నడుస్తోంది. మధ్యలో ఓసారి ట్రంప్ కనబడ్డాడు. ఆయన ఎన్నికలు గెలిచి రెండు వారాలు కాలేదు, పంజరం పక్కనే కూచున్నాడు. "ఈయన కూడా కొట్టుకుంటాడా?" అని పిల్లాడడిగాడు.

మూడో రౌండు. జోన్స్ గిర్రున వెనక్కి తిరిగి, మడమతో మియోచిచ్ డొక్కలో తన్నాడు. పెద్దాయన రెండుగా మడతపడ్డాడు. రిఫరీ ఆపేశాడు.

బాబాయికి సిగ్నలు ఆగినప్పుడు ఏదో తప్పిపోయింది. "ఏం చేశాడు? ఎలా పడ్డాడు?" అన్నాడు. పెద్దబావకి అంతకన్నా మంచి ప్రశ్న పుట్టాక ఎవరూ వేసి ఉండరు. "ఇదిగో బాబాయిగారూ, ఇలా..." అని పంచె ఎగ్గట్టి, ఎడమకాలి మీద గిర్రున తిరిగి, కుడికాలు లేపాడు. ఆ నెమ్మదస్తుడిలో అంత వేగం ఉందని మా అక్కక్కూడా అప్పుడే తెలిసింది. మడమ వెళ్ళి చిన్నబావ చేతికి తగిలింది. ఫోను జోన్స్ చెయ్యి పైకెత్తి ఉండగానే గాల్లోకి లేచి, ఉసిరికొమ్మని పరామర్శించి, నేరుగా పప్పుచారులోకి దిగింది. బుడుంగ్ మంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గుండిగ అడుగున కామెంటరీ ఇంకా నడుస్తోందని పిల్లలంటారు, నాకైతే వినబడలేదు.

వంటమనిషి పెద్ద గరిటెతో వెతికాడు. మొదటిసారి ములక్కాడలొచ్చాయి. రెండోసారి ఉల్లిపాయ. మూడోసారి ఫోను, దానికి అంటుకుని కరివేపాకు. "కరెంటు వస్తువండీ, చారు షాకు కొడుతుందేమో" అని ఆయన అనుమానం. అమ్మ దిగులు వేరే: "బంగారంలాంటి చారు, నలభై మందికి!" పెద్దబావ ఎగ్గట్టిన పంచె దించుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. చివరికి మా తాతయ్య ముందుకొచ్చి, ఓ గరిటెడు దొప్పలో పోయించుకుని, జుర్రి, "ఉప్పు సరిపోయింది" అని తీర్పిచ్చాడు. దాంతో సగంమంది తిన్నారు. మిగతా సగం మజ్జిగతో సరిపెట్టుకున్నారు.

ఫోన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టారు. మూడోనాడు ఓసారి పచ్చగా వెలిగి, కన్నుమూసింది. ఖరీదు ఇరవై రెండు వేలు. "నేనిస్తాను తమ్ముడూ, నువ్వు దిగులు పడకు" అని పెద్దబావ పదిమందిలో అన్నాడు. చిన్నబావకి మా చెల్లి తన పాత ఫోను ఇచ్చింది. దాని తెర మీద ఓ మూల నుంచి ఇంకో మూలకి చీలిక. అది కొత్తది వచ్చేదాకా తాత్కాలికమని అందరూ అనుకున్నాం.

అటు న్యూయార్కులో గెలిచిన జోన్స్‌ని, మరి ఆస్పినల్ సంగతేమిటని అడిగారు. జోన్స్‌కి ఆ పేరు రుచించలేదు. తన కింది బరువు ఛాంపియన్ అలెక్స్ పెరేరా అయితే సరదాగా ఉంటుందన్నాడు. ఆస్పినల్‌తో అయితే మాత్రం కళ్ళు తిరిగే డబ్బు కావాలన్నాడు. కంపెనీ సీఈఓ డేనా వైట్, అడిగినప్పుడల్లా ఆ ఫైటు జరిగి తీరుతుందన్నాడు. 2025 మొదట్లో జోన్స్ థాయిలాండ్‌లో తేలాడు. పెద్దబావ ఆ సంక్రాంతికి మా ఇంటికి రాకుండా కాశీలో తేలాడు. శివరాత్రికి నడుంనొప్పి. ఉగాదికి బ్యాంకులో ఆడిటు. ఉగాదినాడు ఏ బ్యాంకులో ఆడిటు జరుగుతుందో ఆయనకీ ఆ దేవుడికీ తెలియాలి. ఓసారి నేనే కదిపితే, "ఇవ్వనన్నానట్రా?" అని నొచ్చుకున్నాడు. నిజమే, ఎప్పుడూ ఇవ్వననలేదు.

నన్నడిగితే జోన్స్ తప్పించుకున్నాడనే అంటాను. భయంతో కాకపోవచ్చు. లెక్క వేసుకుని తప్పించుకున్నాడు. ముప్పై ఏడేళ్ళ మనిషి. గెలిస్తే, ఓ కుర్రాణ్ణి కొట్టాడంటారు. ఓడితే పద్నాలుగేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. ఆ లెక్కలో తప్పు లేదు, నేనైనా అదే వేసుకుంటాను. కానీ అలా అనుకున్నవాడు మియోచిచ్‌ని కొట్టిన రాత్రే బెల్టు విప్పి అక్కడ పెట్టాల్సింది. బెల్టూ తన నడుముకే ఉండాలి, ఆ పిల్లాడూ గుమ్మంలో నిలబడి ఉండాలి అంటే ఎలా? ఆస్పినల్ వైపు నుంచి తప్పించుకున్న జాడ నాకెక్కడా కనబడలేదు. రమ్మన్నచోటికల్లా వచ్చాడు, తూగమన్నప్పుడల్లా తూగాడు. ఇద్దరూ ఒకరికొకరు భయపడ్డారనే పెద్దమనిషి తరహా తీర్పు నాకు నచ్చదు. ఇందులో కంపెనీ వాటా కూడా ఉంది, రెండు బెల్టులుంటే రెండు పోస్టర్లు. అయితే ఇదంతా నేను బావలెవరి ముందూ అనలేదు. అల్లుళ్ళ మధ్య తీర్పు చెప్పిన బామ్మర్ది బాగుపడిన దాఖలా లేదు.

2025 జూన్ 21న బాకూలో పోటీలయ్యాక డేనా వైట్ చెప్పాడు: జోన్స్ ఫోన్ చేసి రిటైరయ్యానన్నాడు, ఇక ఆస్పినలే అసలు ఛాంపియన్. తాత్కాలిక బెల్టుతో పంతొమ్మిది నెలలు గడిపినవాడికి పోరాటం లేకుండా పట్టాభిషేకం అయింది. చిన్నబావ స్వీట్లు పంచాడు. పెద్దబావ, "రిటైరైనవాణ్ణి పట్టుకుని ఇంకా తిడతారా" అన్నాడు. రెండు వారాలు తిరక్కుండానే, మరుసటేడు జులై 4కి వైట్‌హౌస్‌లో పోటీలు పెడతామని ట్రంప్ ప్రకటించాడు. జోన్స్‌కి వెంటనే ఒళ్ళు బాగుపడింది, డోపింగు పరీక్షల జాబితాలో మళ్ళీ పేరు రాయించుకున్నాడు. ఈసారి చిన్నబావ ఏమీ అనలేదు. చీలిక తెర మీద ఆ వార్త చదవడానికే ఆయనకి చాలాసేపు పట్టింది.

అక్టోబరు 25న నాగుల చవితి. అక్క, చెల్లి పుట్టలో పాలు పోయడానికొచ్చారు. బావలిద్దరూ ఒకే కప్పు కింద పడుకోక తప్పలేదు. ఆ రాత్రే అబుదాబీలో ఆస్పినల్‌కి సిరిల్ గాన్‌తో పోటీ. అర్ధరాత్రి దాటాక హాల్లో ముగ్గురం కూచున్నాం, టీవీ గొంతు నొక్కేసి. మొదటి రౌండు ఇంకా ముగియలేదు, గాన్ వేళ్ళు ఆస్పినల్ కళ్ళలో దిగాయి. కనబడటం లేదన్నాడు ఆస్పినల్. డాక్టరొచ్చాడు, పోటీ ఆగింది, ఫలితం లేదన్నారు.

"కన్నొక సాకు," అన్నాడు పెద్దబావ మెల్లిగా. "తప్పించుకోవడమంటే ఇదీ."

చిన్నబావ లేచాడు. ఏడాదిగా దాచుకున్నదంతా బయటికొచ్చింది: "సాకుల గురించి మీరు చెప్పాలన్నయ్యా! కాశీ, నడుంనొప్పి, ఆడిటు! నా ఇరవై రెండు వేలేవీ?"

ఆ కేకకి అమ్మ లేచొచ్చింది. దొంగలనుకుని చేతిలో అప్పడాల కర్ర కూడా తెచ్చింది. విషయమంతా విని, ఏమీ అనకుండా లోపలికెళ్ళి, బీరువా తీసి, ఇరవై రెండు వేలు లెక్కపెట్టి చిన్నబావ చేతిలో పెట్టింది. "పండగపూట డబ్బు మాటలేమిటి నాయనా. ఇది మా కానుకనుకో."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఒక అల్లుడికిచ్చి ఒకడికివ్వకపోవడం అమ్మకి చేతకాదు. మళ్ళీ లోపలికెళ్ళింది. ఇంకో ఇరవై రెండు వేలు తెచ్చి పెద్దబావ చేతిలో పెట్టింది.

"ఎందుకత్తయ్యా ఇప్పుడు," అంటూనే ఆయన వేలు తడి చేసుకుని, బ్యాంకు పద్ధతిలో, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.